స్క్రీన్‌షాట్ షేరింగ్ టూల్ మీరే కట్టుకోండి: అప్‌లోడ్ ఈజీ, అసలు పని లింక్ దగ్గరే

ల్యాప్‌టాప్‌లో తీసిన ఒక స్క్రీన్‌షాట్‌ని ఫ్రెండ్‌కి పంపాలంటే మనలో చాలామంది చేసేది ఇదే. సేవ్ చేయడం, వాట్సాప్ వెబ్ తెరవడం, చాట్ వెతకడం, అటాచ్ చేయడం. తీరా అటువైపు చేరేసరికి చిన్న అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, ఎందుకంటే వాట్సాప్ ఫొటోలను కంప్రెస్ చేసి పంపుతుంది. పోనీ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇద్దామంటే, పర్మిషన్ మార్చడం మర్చిపోతాం. అటువైపు నుంచి ‘యాక్సెస్ ఇవ్వు బ్రో’ అని మెసేజ్ వస్తుంది.

దీనికి పరిష్కారం ఎప్పటినుంచో ఉంది. ఒక షార్ట్‌కట్ నొక్కాలి, స్క్రీన్ మీద కావాల్సిన ముక్కని మౌస్‌తో ఎంచుకోవాలి, వెంటనే ఒక లింక్ క్లిప్‌బోర్డ్‌లోకి రావాలి. దాన్ని ఎక్కడైనా పేస్ట్ చేసేయొచ్చు. లైట్‌షాట్ లాంటి టూల్స్ చేసేది ఇదే. ఇలాంటిది సొంతంగా కట్టుకోవడం కూడా పెద్ద కష్టమేం కాదు. పైథాన్ కొంచెం వచ్చినా చాలు, ఒక సాయంత్రంలో పని చేసే వెర్షన్ వచ్చేస్తుంది. నేను నా వాడకం కోసం రాసుకున్న సర్వర్ కోడ్ మొత్తం రెండు వందల లైన్లు దాటలేదు.

అయితే ఆ కోడ్‌లో ఫైల్ తీసుకుని డిస్క్‌లో పెట్టే భాగం చాలా చిన్నది. మిగతాదంతా మూడు ప్రశ్నల కోసమే రాయాల్సి వచ్చింది. ఈ లింక్‌ని వేరేవాళ్లు ఊహించగలరా? ఫైల్ లోపల మనకు కనపడనిది ఏదైనా వెళ్లిపోతోందా? చెరిపేశాక ఫైల్ నిజంగా పోతోందా? మన స్క్రీన్‌షాట్లలో ఏముంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. యూపీఐ పేమెంట్ రసీదు, బ్యాంక్ బ్యాలెన్స్, ఆఫర్ లెటర్, పక్క విండోలో తెరిచి ఉన్న చాట్, టెర్మినల్‌లో మెరుస్తున్న ఏపీఐ కీ. అందుకే ఈ మూడింటికీ జవాబు లేని టూల్ ఎంత స్పీడ్‌గా ఉన్నా వాడకపోవడమే మేలు.

ముందు టూల్ ఎలా ఉంటుందో చూద్దాం

ఇందులో నాలుగు ముక్కలు ఉంటాయి: స్క్రీన్ పట్టుకోవడం, సర్వర్‌కి పంపడం, సర్వర్‌లో దాచడం, లింక్‌ని క్లిప్‌బోర్డ్‌లో పెట్టడం.

విండోస్‌లో మొదటి ముక్క మీరు రాయక్కర్లేదు. షేర్‌ఎక్స్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. అందులో ‘కస్టమ్ అప్‌లోడర్’ అనే ఆప్షన్‌లో మీ సర్వర్ అడ్రస్, సీక్రెట్ కీ ఇచ్చేస్తే, కంట్రోల్, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కిన ప్రతిసారీ మీరు ఎంచుకున్న ముక్క మీ సర్వర్‌కే వెళ్లేలా సెట్ చేసుకోవచ్చు. మ్యాక్‌లో ‘స్క్రీన్‌క్యాప్చర్’ కమాండ్ సిస్టమ్‌తోనే వస్తుంది. లినక్స్‌లో ఎక్స్11 వాడేవాళ్లకి మెయిమ్, వేలాండ్ వాడేవాళ్లకి గ్రిమ్, స్లర్ప్ జోడీ ఉన్నాయి. వచ్చిన ఫైల్‌ని కర్ల్‌తో సర్వర్‌కి పంపి, జవాబుగా వచ్చిన లింక్‌ని క్లిప్‌బోర్డ్‌లో పెట్టడానికి ఐదారు లైన్ల షెల్ స్క్రిప్ట్ సరిపోతుంది.

సర్వర్ వైపు ఫ్లాస్క్ గానీ ఫాస్ట్‌ఏపీఐ గానీ చాలు. రిక్వెస్ట్ హెడర్‌లో సీక్రెట్ కీ సరిగ్గా ఉందా చూడాలి, ఫైల్‌కి కొత్త పేరు పెట్టాలి, డిస్క్‌లో రాయాలి, లింక్ తిరిగి ఇవ్వాలి. అంతే. మొదటిరోజే చాలామందికి తగిలే దెబ్బ ఒకటి ఉంది. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టుకుంటే, అది డిఫాల్ట్‌గా 1 ఎంబీ దాటిన అప్‌లోడ్‌ని లోపలికి రానివ్వదు. 413 ఎర్రర్ ఇస్తుంది. 4కే మానిటర్ మీద తీసిన పీఎన్‌జీ తేలిగ్గా 1 ఎంబీ దాటేస్తుంది. చిన్న స్క్రీన్‌షాట్లు వెళ్తూ పెద్దవి వెళ్లకపోతే పైథాన్ కోడ్‌లో వెతక్కండి, ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగ్‌లో లిమిట్ పెంచండి.

ఎక్కడ నడపాలి అంటే, 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ కూడా దీనికి ఎక్కువే. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఖాళీగా ఉంటే అదీ పనికొస్తుంది. కాకపోతే మన దగ్గర చాలా ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. ఎంతోమంది కస్టమర్లకి కలిపి ఒకే ఐపీ ఉంటుంది. దీన్నే సీజీనాట్ అంటారు. అలాంటప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటి నుంచి మీ ల్యాప్‌టాప్‌కి దారి దొరకదు. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటిది వాడితే ల్యాప్‌టాపే బయటికి కనెక్షన్ తెరిచి ఉంచుతుంది కాబట్టి ఈ తిప్పలు తప్పుతాయి. ఫ్రీ ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్‌కి 100 ఎంబీ లిమిట్ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

మొదటి ప్రశ్న: లింక్‌ని ఊహించగలరా?

లాగిన్ లేకుండా తెరుచుకునే లింక్‌కి ఆ లింకే పాస్‌వర్డ్. ఈ మాట ఒక్కటి అర్థమైతే సగం డిజైన్ అయిపోయినట్టే.

లైట్‌షాట్ లింకుల కథ నెట్‌లో బాగా తెలిసిందే. ఆరు అక్షరాల పొట్టి లింకులు, పైగా వరుసగా వచ్చేవి. ఒక లింక్‌లో చివరి అక్షరం మారిస్తే ఇంకెవరిదో స్క్రీన్‌షాట్ తెరుచుకునేది. దాంతో వరుసగా లింకులు తెరుస్తూ పాస్‌వర్డ్‌లు, చాట్‌లు ఏరుకునే స్క్రిప్ట్‌లు పుట్టుకొచ్చాయి. వాటికి హ్యాకింగ్ నైపుణ్యం ఏమీ అక్కర్లేదు, ఒక లూప్ చాలు.

వరుసగా కాకుండా ర్యాండమ్‌గా ఇస్తే ఆరు అక్షరాలు సరిపోతాయా? లెక్క వేద్దాం. చిన్న అక్షరాలు 26, అంకెలు 10, మొత్తం 36. ఆరు స్థానాలకి 36ని ఆరుసార్లు గుణిస్తే దాదాపు 217 కోట్ల లింకులు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఆ సైట్‌లో కోటి ఫైళ్లు ఉన్నాయనుకోండి, సగటున 217 గుడ్డి ప్రయత్నాల్లో ఒకటి తగులుతుంది. సెకనుకి 100 రిక్వెస్ట్‌లు పంపే మామూలు స్క్రిప్ట్‌కి రెండు సెకన్లకో ఫైల్ దొరుకుతుంది.

ఇది ఊరికే కాగితం మీది లెక్క కాదు. మార్టిన్ గియోర్గియెవ్, కార్నెల్ టెక్‌కి చెందిన విటాలీ ష్మాటికోవ్ 2016లో పొట్టి లింకుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. వన్‌డ్రైవ్ ఫైళ్లకి, గూగుల్ మ్యాప్స్ దారులకి ఇచ్చిన ఐదారు అక్షరాల లింకుల్ని ర్యాండమ్‌గా తెరిచి చూస్తే జనం సొంత ఫైళ్లు, ఇంటి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో చూపించే మ్యాప్‌లు బయటపడ్డాయి. కొన్ని వన్‌డ్రైవ్ ఫోల్డర్లలో చూడడమే కాదు, కొత్త ఫైళ్లు పెట్టడానికి కూడా వీలుంది. ఆ తర్వాత గూగుల్ తన మ్యాప్ లింకుల పొడవు పెంచింది.

కాబట్టి మన టూల్‌లో 16 ర్యాండమ్ బైట్లు తీసుకుని లింక్ చేద్దాం. పైథాన్‌లో ‘సీక్రెట్స్’ మాడ్యూల్ ఇందుకే ఉంది. ఒక్క ఫంక్షన్ కాల్‌తో 22 అక్షరాల పేరు వస్తుంది. ఇలాంటి లింకులు ఎన్ని ఉండొచ్చంటే, ఆ సంఖ్య రాయడానికి 39 అంకెలు కావాలి. మామూలు ‘ర్యాండమ్’ మాడ్యూల్ మాత్రం వాడకండి. అది గేమ్‌లకి, సిమ్యులేషన్లకి బాగుంటుంది గానీ, దాని నుంచి వచ్చిన సంఖ్యలు తగినన్ని చూసినవాళ్లు తర్వాత రాబోయేది చెప్పేయగలరు. టైమ్‌ని, ఫైల్ పేరుని హ్యాష్ చేసి పేరు పెట్టడం కూడా అంతే, చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది గానీ ఊహించలేనిది కాదు.

22 అక్షరాల లింక్ చూడ్డానికి బాగోదు అంటారా? లింక్‌ని ఎవరూ టైప్ చేయరు, పేస్ట్ చేస్తారు. టైప్ చేయాల్సిన చోటు ఒకటుంది: జిరాక్స్ షాపు. ఆధార్ పీడీఎఫ్ ప్రింట్ కోసం షాపు వాళ్ల వాట్సాప్ నంబర్‌కి పంపేస్తాం, లేదా వాళ్ల కంప్యూటర్‌లో మన మెయిల్ తెరుస్తాం. రెండూ మంచివి కావు. ఆ ఫైల్ అక్కడే ఉండిపోతుంది, ఒక్కోసారి మన మెయిలూ తెరిచే ఉండిపోతుంది. దీనికోసం టూల్‌లో వేరే మోడ్ పెట్టుకోవచ్చు. ఆరంకెల కోడ్, పది నిమిషాల గడువు, ఆ పది నిమిషాల్లో ఎవరు కొట్టినా అందరివీ కలిపి 50 తప్పు కోడ్‌లు దాటితే మోడ్ మొత్తం బంద్. ఆరంకెలతో 10 లక్షల కోడ్‌లు ఉంటాయి కాబట్టి, ఒకే ఫైల్ ఉన్నప్పుడు దాన్ని ఊహించే అవకాశం 20 వేలలో ఒకటి. పొట్టి కోడ్ వాడాలంటే గడువు, లిమిట్ రెండూ తప్పనిసరి. అయినా షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ అయిన కాపీని మన టూల్ చెరపలేదు, దాన్ని మనమే డిలీట్ చేయించుకుని రావాలి.

రెండో ప్రశ్న: ఫైల్ లోపల ఇంకేం వెళ్తోంది?

2023 మార్చిలో ‘ఎక్రోపలిప్స్’ అనే బగ్ బయటికొచ్చింది. పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్‌ని క్రాప్ చేసి సేవ్ చేసినప్పుడు, కొత్త చిన్న ఫొటోని పాత ఫైల్ మీదే రాసేవారు, కానీ ఫైల్ సైజ్‌ని తగ్గించేవారు కాదు. దాంతో క్రాప్ చేసి తీసేశాం అనుకున్న భాగంలో కొంత ఫైల్ చివర్లో అలాగే ఉండిపోయేది. సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ దాన్ని తిరిగి రాబట్టి చూపించారు. కొద్ది రోజుల్లోనే విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ ఇలాంటి సమస్యే ఉందని తేలింది. రెండింటికీ అప్‌డేట్లు వచ్చాయి. కానీ అంతకుముందు పంపేసిన ఫైళ్లని ఏ అప్‌డేట్ సరిచేయలేదు కదా.

దీనికి సర్వర్ వైపు మందు సులభం. వచ్చిన ఫొటోని ఉన్నదున్నట్టు దాచొద్దు. పిల్లో లైబ్రరీతో తెరిచి, పిక్సెల్స్ మాత్రం తీసుకుని, కొత్త ఫైల్‌గా సేవ్ చేయండి. ఫైల్ చివర్లో మిగిలిన చెత్త పోతుంది. ఫోన్ కెమెరా ఫొటో అయితే అందులో ఉండే ఎగ్జిఫ్ సమాచారం, అంటే తీసిన టైమ్, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే మీ ఇంటి జీపీఎస్ పాయింట్ కూడా పోతాయి. ఒక చిన్న జాగ్రత్త. ఫొటో ఎటు తిప్పాలో చెప్పే సమాచారం కూడా ఎగ్జిఫ్‌లోనే ఉంటుంది. ముందు ఫొటోని సరిగ్గా తిప్పి, ఆ తర్వాత సేవ్ చేయాలి. లేకపోతే నిలువు ఫొటోలు అడ్డంగా పడుకుంటాయి.

సర్వర్ చేయలేనిది ఒకటుంది. నంబర్ మీద మొజాయిక్ లాగా గళ్లు పెట్టి దాచామనుకుంటారు చాలామంది. అలా దాచిన అక్షరాలని తిరిగి చదవగలిగే ‘అన్‌రెడాక్టర్’ అనే టూల్‌ని బిషప్ ఫాక్స్ అనే సెక్యూరిటీ కంపెనీ 2022లో విడుదల చేసింది. ఫోన్ మార్కప్‌లో హైలైటర్ పెన్‌తో నల్లగా రుద్దినా, బ్రైట్‌నెస్ పెంచితే కింద ఉన్నది కనపడొచ్చు. దాచాలంటే గట్టి నల్ల డబ్బా పెట్టండి. క్యాప్చర్ టూల్‌లో ఆ బటన్‌ని చేతికి అందేలా పెట్టుకుంటే వాడతాం, మెనూ లోపల ఉంటే వాడం.

ఫొటోలు కాకుండా వేరే ఫైళ్లు కూడా పంపుతారు కాబట్టి ఇంకో విషయం. ఎవరైనా హెచ్‌టీఎంఎల్ గానీ ఎస్‌వీజీ గానీ అప్‌లోడ్ చేస్తే, అందులో జావాస్క్రిప్ట్ ఉండొచ్చు. లింక్ తెరిచినవాళ్ల బ్రౌజర్‌లో అది మీ డొమైన్ పేరు మీద నడుస్తుంది. గూగుల్, గిట్‌హబ్ యూజర్ల ఫైళ్లని తమ మెయిన్ డొమైన్‌లో కాకుండా వేరే డొమైన్‌లో పెట్టేది ఇందుకే. మనం చేయాల్సింది: కొన్ని ఫొటో ఫార్మాట్లు మాత్రమే బ్రౌజర్‌లో తెరుచుకునేలా పెట్టి, మిగతావన్నీ నేరుగా డౌన్‌లోడ్ అయ్యేలా ‘అటాచ్‌మెంట్’ హెడర్ ఇవ్వడం. దాంతోపాటు బ్రౌజర్ ఫైల్ రకాన్ని తనంతట తాను ఊహించకుండా ‘నోస్నిఫ్’ హెడర్ కలపాలి.

మూడో ప్రశ్న: చెరిపితే నిజంగా పోతుందా?

ప్రతి ఫైల్‌కీ అప్‌లోడ్ అప్పుడే గడువు ఉండాలి. డిఫాల్ట్ ఏడు రోజులు పెట్టుకోండి, కావాలంటే పెంచుకునే వీలు ఇవ్వండి. తర్వాత చెరుపుదాంలే అంటే ఎవరూ చెరపరు. గంటకోసారి నడిచే క్రాన్ జాబ్ గడువు దాటినవాటిని తీసేస్తుంది. లింక్‌తోపాటు వేరే డిలీట్ లింక్ కూడా వస్తే, పొరపాటున పంపినదాన్ని అప్పటికప్పుడు తీసేయొచ్చు.

డిస్క్‌లో తీసేస్తే సరిపోదు. ముందు సీడీఎన్ ఉంటే అందులో కాపీ ఉండొచ్చు. అందుకే క్యాష్ హెడర్‌లో ‘నో-స్టోర్’ పెట్టాలి. సెర్చ్ ఇంజిన్లు పట్టుకోకుండా ‘నోఇండెక్స్’ హెడర్ ఇవ్వాలి. ఆటోమేటిక్ బ్యాకప్ ఈ ఫోల్డర్‌ని వదిలేసేలా చూడాలి, లేదంటే గడువు ముగిసిన ఆధార్ కాపీ నెలల తరబడి బ్యాకప్‌లో పడి ఉంటుంది.

‘ఒక్కసారి చూస్తే మాయం’ లింక్ చేద్దామనుకునేవాళ్లకి ఒక వింత అనుభవం ఎదురవుతుంది. ఫ్రెండ్‌కి పంపుతారు, వాడు తెరిచేసరికి ఫైల్ లేదు. కారణం ప్రివ్యూ. చాట్ యాప్‌లో లింక్ పెట్టగానే, చిన్న ఫొటో, టైటిల్ చూపించడానికి ఆ లింక్‌ని ముందుగానే తెరుస్తారు. టెలిగ్రామ్, స్లాక్ లాంటివి తమ సర్వర్ నుంచి తెరుస్తాయి. మీ టూల్ ఆ సందర్శనని మనిషి అనుకుని ఫైల్ చెరిపేస్తుంది. దీనికి సరైన దారి: లింక్ తెరిస్తే ఒక ఖాళీ పేజీ, దాని మీద ‘ఫైల్ చూడు’ బటన్. బటన్ నొక్కితే వెళ్లేది పోస్ట్ రిక్వెస్ట్. ప్రివ్యూ బాట్‌లు గెట్ రిక్వెస్ట్‌తో పేజీ చదివి వెళ్లిపోతాయి, బటన్ నొక్కవు.

ఫ్రెండ్స్ అందరికీ ఇచ్చేయొచ్చా?

టూల్ బాగా పని చేస్తుంటే వచ్చే తర్వాతి ఆలోచన ఇదే: పబ్లిక్‌గా పెట్టేద్దాం అని. ఇక్కడ ఫైర్‌ఫాక్స్ సెండ్ గురించి తెలుసుకోవాలి. మొజిల్లా దాన్ని 2019 మార్చిలో అందరికీ తెచ్చింది. లాగిన్ లేకుండా 1 జీబీ, లాగిన్ అయితే 2.5 జీబీ వరకు పంపొచ్చు. ఎన్‌క్రిప్షన్ బ్రౌజర్‌లోనే జరిగేది. కీ లింక్‌లో హ్యాష్ గుర్తు తర్వాత ఉండేది. బ్రౌజర్లు ఆ గుర్తు తర్వాత ఉన్న భాగాన్ని సర్వర్‌కి పంపవు కాబట్టి, ఫైల్‌లో ఏముందో మొజిల్లాకి కూడా తెలియదు. చాలా అందమైన డిజైన్.

ఆ బలాన్నే మోసగాళ్లూ వాడుకున్నారు. మాల్‌వేర్ పంచడానికి నమ్మకమైన పేరున్న లింక్, లోపల ఏముందో ఎవరూ స్కాన్ చేయలేరు, గడువుకి దానంతట అదే మాయం. 2020 జులైలో మొజిల్లా సర్వీస్‌ని ఆపింది, సెప్టెంబర్‌లో ఇక తిరిగి రాదని ప్రకటించింది. అంత పెద్ద సంస్థే నెట్టుకురాలేని పనిని మనం ఒక వీపీఎస్ మీద చేయలేం. ఎవరో ఒకరు మాల్‌వేర్ ఫైల్ పెడితే, గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ మీ డొమైన్ మొత్తాన్ని ఎర్ర పేజీతో ఆపేయొచ్చు. అప్పుడు మీ మామూలు లింకులూ తెరుచుకోవు. అందుకే అప్‌లోడ్ కీ మీ దగ్గర, మీరు పేరుపేరునా ఇచ్చిన నలుగురి దగ్గర మాత్రమే ఉండాలి. మనిషికో కీ ఇస్తే, ఒకటి లీక్ అయినా దాన్ని మాత్రమే ఆపొచ్చు.

హ్యాష్ గుర్తు ట్రిక్ మాత్రం మన సొంత టూల్‌కి బాగా పనికొస్తుంది. బ్రౌజర్లలో ఉండే వెబ్ క్రిప్టోతో ఏఈఎస్-జీసీఎం ఎన్‌క్రిప్షన్ చేయొచ్చు. అప్పుడు సర్వర్ డిస్క్ ఎవరి చేతిలో పడ్డా ఫైళ్లు చదవలేరు. దీనికి రెండు నష్టాలున్నాయి. సర్వర్‌లో ఫొటోని మళ్లీ సేవ్ చేసే పని కుదరదు, దాన్ని పంపే ముందే మీ కంప్యూటర్‌లో చేయాలి. చాట్‌లో ప్రివ్యూ ఫొటో కూడా రాదు. రోజువారీ బగ్ స్క్రీన్‌షాట్లకి మామూలు మోడ్, డాక్యుమెంట్లకి ఎన్‌క్రిప్షన్ మోడ్ అని రెండు షార్ట్‌కట్‌లు పెట్టుకుంటే సరిపోతుంది.

కట్టే ఓపిక లేకపోతే

షేర్‌ఎక్స్ వేసుకుని, ‘డెస్టినేషన్స్’ మెనూలో ఫొటోలు ఏ సైట్‌కి వెళ్తున్నాయో ముందు చూసుకోండి. టెక్స్ట్, చిన్న ఫైళ్లకి ప్రైవేట్‌బిన్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. పైన చెప్పిన హ్యాష్ గుర్తు పద్ధతే వాడుతుంది, మీ సర్వర్‌లో పెట్టుకోవచ్చు. పక్కనే ఉన్న ఫోన్‌కి పంపాలంటే అసలు ఇంటర్నెట్ ఎందుకు, లోకల్‌సెండ్ వైఫై మీదే పంపేస్తుంది. వాట్సాప్‌లోనే పంపాలంటే ఫొటోలా కాకుండా ‘డాక్యుమెంట్’గా అటాచ్ చేయండి, అక్షరాలు అలుక్కుపోవు.

కట్టుకునేవాళ్లు మాత్రం, మొదటి లింక్ ఎవరికైనా పంపే ముందు ఈ ఐదు పరీక్షలు చేయండి.

1. జీపీఎస్ ఉన్న ఫోన్ ఫొటో అప్‌లోడ్ చేసి, తిరిగి డౌన్‌లోడ్ చేసి ఎగ్జిఫ్ చూడండి. ఖాళీగా ఉండాలి.
2. జావాస్క్రిప్ట్ అలర్ట్ ఉన్న ఎస్‌వీజీ పెట్టి లింక్ తెరవండి. డౌన్‌లోడ్ అవ్వాలి, అలర్ట్ రాకూడదు.
3. సీక్రెట్ కీ లేకుండా అప్‌లోడ్ చేసి చూడండి. 401 రావాలి.
4. ఒక్కసారి లింక్‌ని టెలిగ్రామ్‌లో సేవ్డ్ మెసేజెస్‌కి పంపండి. ప్రివ్యూ వచ్చాక కూడా ఫైల్ తెరుచుకోవాలి.
5. ఫైల్ డిలీట్ చేసి, వేరే నెట్‌వర్క్ నుంచి, ఇన్‌కాగ్నిటోలో అదే లింక్ తెరవండి. 404 రావాలి.

ఐదోది ఫెయిల్ అయితే మిగతా ఫీచర్లన్నీ పక్కన పెట్టి ముందు దాన్నే సరిచేయండి. ఆ టూల్‌లో ఈరోజు పెట్టేది కోడ్ ఎర్రర్ స్క్రీన్‌షాట్ కావొచ్చు, రేపు పెట్టేది అమ్మ బ్యాంక్ పాస్‌బుక్ కావొచ్చు.